లాకులు: కాలువకు కట్టిన మెట్లు

బాన్సువాడలో కాలువ అంటే నిజాంసాగర్ ప్రధాన కాలువే. అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర మంజీర నదికి అడ్డంగా 1923లో పని మొదలుపెట్టి 1931లో ముగించిన జలాశయం నుంచి బయల్దేరి, మా ఊరి పక్కగా సాగి, నిజామాబాదు దిక్కుగా దాదాపు 155 కిలోమీటర్లు నడుస్తుంది. గట్టు వెంట కొంత దూరం నడిస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఈ కాలువ తిన్నగా పోదు. ఎదురుగా కనిపించే ఊరికి కూడా చుట్టు తిరిగి చేరుతుంది. గుట్ట వస్తే దాని నడుము చుట్టూ తిరుగుతుంది, పల్లం వస్తే దిగకుండా అంచు పట్టుకుని పోతుంది. కొత్తగా చూసినవాళ్లకు ఇది అనవసరమైన వంకర అనిపించవచ్చు. ఆ వంకరలోనే పనితనమంతా ఉంది. ఎత్తు పోగొట్టుకోకుండా ఎంత దూరం పోతే అంత ఎక్కువ భూమి కాలువ కిందికి వస్తుంది. కిలోమీటరుకు జానెడో, అంతకన్నా తక్కువో వాలు ఇచ్చి, ఆ కొద్దిపాటి వాలుతోనే నీటిని పదుల కిలోమీటర్లు నడిపించాలంటే భూమిని అంగుళం అంగుళం కొలిచి ఉండాలి. ఈ పని వెనక ఉన్న మేధావి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. ఆ గౌరవం ఆయనకు అక్షరాలా తగినదని కాలువ గట్టే చెబుతుంది.

ఈ కాలువ మీద పడవలు నడవవు. సేద్యం కోసం తవ్వినది కాబట్టి నడవాల్సిన అవసరమూ రాలేదు. కానీ దీని ఆయకట్టులో స్థిరపడినవాళ్లలో చాలా కుటుంబాలు పడవల దేశం నుంచి వచ్చినవే. నిజాంసాగర్ నీళ్లు పారడం మొదలయ్యాక కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతులు తరలివచ్చి బాన్సువాడ, వర్ని, కోటగిరి, రుద్రూరు చుట్టుపట్ల భూములు కొని ఊళ్లు వేసుకున్నారు. వాటిని ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తాం. వాళ్లు వదిలి వచ్చిన చోట కాలువ పొలానికి నీరిచ్చేదే కాదు, ఊరికి దారి కూడా. ధాన్యం దాని మీదే సంతకు పోయేది, పెళ్లివారు దాని మీదే విడిదికి వచ్చేవారు. రాత్రి భోజనం చేసి రాదారి పడవ ఎక్కితే తెల్లవారేసరికి పట్నం రేవు. ఫ్రాన్సులో ఈనాడు లోకమంతా డబ్బు పెట్టి వెళ్లి అనుభవించే నింపాదైన కాలువ ప్రయాణం మన డెల్టాలో వందేళ్ల పాటు మామూలు మనుషుల మామూలు రాకపోక.

ఆ నింపాదితనం దానంతట అది రాలేదు. దాన్ని రాయితో, సున్నంతో, కొయ్యతో కట్టారు. ఈ వ్యాసం ఆ కట్టుబడి గురించే.

మొదట చిక్కు ఏమిటో చూడాలి. పొలానికి పోయే నీరు కదులుతూ ఉండాలి. పడవకేమో నీరు దాదాపు నిలిచి ఉండాలి, లేకపోతే దిగువకు పోయేటప్పుడు సుఖం, ఎగువకు వచ్చేటప్పుడు నరకం. ఒకే కాలువతో రెండు పనులూ చేయించాలని పట్టుబట్టినవాడు సర్ ఆర్థర్ కాటన్. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను ఆయన సేద్యానికి ఎంత ముఖ్యమనుకున్నాడో, సరుకు రవాణాకూ అంత ముఖ్యమనుకున్నాడు. రైలుమార్గాల కంటే కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించాడు. ఆ వాదంలో ఆయన ఓడిపోయాడు. వాదం కోసం కట్టినవి మాత్రం నిలిచాయి.

చిక్కుకు ఆయన మనుషులు వెతికిన దారి ఇది. కాలువకు వాలు బాగా తగ్గించి దాదాపు సమతలంగా కొన్ని మైళ్లు తీసుకుపోవడం, నేల దిగినంత మేరా ఒక్క చోటే నీటిని దించడం. దించే ఆ చోట కాలువను రెండుగా చీల్చారు. ఒక పాయలో నీరు కలుజు మీదుగా కిందికి దూకి పొలాల వైపు పోతుంది. రెండో పాయలో లాకు ఉంటుంది, పడవ దానిలోంచి దిగుతుంది. నీటికి దూకే దారి, పడవకు మెట్ల దారి. రెండూ పక్కపక్కనే ఉండి ఒకదాని పనికి ఇంకొకటి అడ్డు రాదు. డెల్టాలో లాకుల దగ్గర నీటి హోరు వినబడుతూ ఉంటుంది, ఆ హోరు పక్కనే తొట్టిలో పడవ నిశ్చలంగా నిలబడి ఉండేది.

లాకు పనిచేసే తీరు చెప్పుకోవడానికి తేలిక, కట్టడానికి కష్టం. రెండు పొడవాటి రాతి గోడలు, రెండు చివరలా రెండేసి రెక్కల తలుపులు, మధ్యలో తొట్టి. ఎగువ నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే లస్కరు వెనక తలుపులు మూస్తాడు. ముందు తలుపుల అడుగున ఉన్న చిన్న షట్టర్లు ఎత్తుతాడు. తొట్టిలోని నీరు వాటి గుండా దిగువకు జారిపోతూ ఉంటే పడవ, దానిలోని మనుషులు, మూటలు, ముసలమ్మ ఒడిలో నిద్రపోతున్న పిల్లాడు, అందరూ ఏ కుదుపూ లేకుండా కిందికి దిగుతారు. లోపలి నీరు, బయటి నీరు సమానమయ్యాక తలుపులు తెరవడానికి ఒక మనిషి బలం చాలు. అంతకు క్షణం ముందు దాకా ఏనుగులు లాగినా తెరుచుకోవు.

ఎందుకు తెరుచుకోవో గమనించడంలోనే అసలు ఆనందం ఉంది. లాకు తలుపులు మూసినప్పుడు ఇంటి తలుపుల్లా ఒకే గీతలో తిన్నగా కలవవు. ఎగువ వైపుకు కోసుగా పొడుచుకువచ్చి, కోణం చేస్తూ కలుస్తాయి. ఎగువ నీరు ఎంత గట్టిగా నెడితే రెండు రెక్కల అంచులూ ఒకదానికొకటి అంత గట్టిగా అదుముకుంటాయి. ఆ తాకిడి రెక్కల వెంట పాకి పక్క గోడల్లోకి, గోడల వెనకున్న మట్టిలోకి పోతుంది. కమాను బరువును స్తంభాలకు పంచిపెట్టే సూత్రమే ఇది, నేల మీద పడుకోబెట్టారు, అంతే. గొళ్లెం అక్కర్లేదు. తలుపును తోసే నీరే తలుపుకు తాళం. ఈ కోసు తలుపుల ఊహ అయిదు వందల ఏళ్ల కిందట ఇటలీలోని మిలాన్ కాలువల మీద లియొనార్డో డా వించీ చేతిలో రూపు దిద్దుకుందని చెబుతారు. నాటి నుంచి నేటి దాకా మౌలికంగా దాన్ని ఎవరూ మెరుగుపరచలేకపోయారు.

తలుపుల కింద రాతి గడప ఉంటుంది. అది కూడా అదే కోణంలో చెక్కి ఉండాలి. కొయ్య రెక్క అడుగు అంచు ఆ రాతికి ఆసాంతం ఆనాలి. సన్నటి సందు ఉన్నా నీరు దాన్ని వెతికి పట్టుకుంటుంది, పట్టుకున్నాక కోస్తుంది, కోశాక గడప కింద నుంచి ఇసుకను లాగేస్తుంది. డెల్టా నేల రాతి నేల కాదు, ఒండ్రు. ఎంత లోతు తవ్వినా బురదా ఇసుకే. అటువంటి చోట నూట యాభై ఏళ్లకు పైగా నిలిచే గోడ కట్టిన మేస్త్రీకి నేను చేతులెత్తి దండం పెడతాను. పునాది నీటి అడుగున, రాయి పొరుగు కొండల నుంచి, సున్నం గానుగలో తిప్పి నూరినది. కాలువ ప్రయాణాన్ని హాయిగా తలచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ ఆ గడప చెక్కిన ఉలిని తలచుకునేవాళ్లు తక్కువ.

ఫ్రాన్సులో ఇదే గోడతో వేరే రకంగా కుస్తీ పట్టారు. దక్షిణాన తులూజ్ నగరం నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్లు సాగే కెనాల్ దు మిదిని పియెర్ పాల్ రికె అనే పన్నుల కాంట్రాక్టరు తవ్వించాడు. రాజు పద్నాలుగో లూయీ 1666లో అనుమతి ఇచ్చాడు, 1681లో కాలువ తెరుచుకుంది. మొదట తిన్నని గోడలతో కట్టిన లాకు ఒకటి తొట్టి ఖాళీ అయినప్పుడు వెనక మట్టి నెట్టడంతో కూలిపోయింది. అప్పుడు రికె గోడలను బయటికి వంచాడు. తలుపుల దగ్గర ఆరు మీటర్ల లోపు, నడుమన దాదాపు 11 మీటర్ల వెడల్పు వచ్చేలా కోడిగుడ్డు ఆకారంలో లాకులు కట్టించాడు. వంపు తిరిగిన గోడను మట్టి ఎంత నెడితే రాళ్లు అంత బిగుసుకుంటాయి. తలుపుల్లో ఉన్న కిటుకునే గోడల్లోకీ తెచ్చాడన్నమాట. దీనివల్ల తొట్టి నింపడానికి నీరు ఎక్కువ పడుతుంది, అది నిజమైన నష్టమే. అయినా కూలని గోడ కోసం ఆ ఖర్చు భరించాడు. మూడున్నర శతాబ్దాల తర్వాత విహారపు పడవలు ఆ గుండ్రని తొట్లలోనే ఎక్కి దిగుతున్నాయి. బెజియె ఊరి దగ్గర ఫోన్సెరాన్‌లో తొట్టి కింద తొట్టిగా ఎనిమిదింటిని గుట్ట మీద నుంచి మెట్లలా దించారు. పడవ 21 మీటర్లకు పైగా దిగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం ఆ మెట్లు కాదు. వాటికి ఎగువన దాదాపు 54 కిలోమీటర్ల పాటు ఒక్క లాకూ లేకుండా సాగే భాగం. అక్కడ కెనాల్ దు మిది అచ్చంగా మా నిజాంసాగర్ కాలువలాగే ప్రవర్తిస్తుంది. ద్రాక్షతోటల గుట్టల నడుము పట్టుకుని, ఎత్తు వదలకుండా, తిరిగిన చోటే తిరుగుతున్నట్టు పోతుంది. ఒక్క మాల్పాస్ దగ్గర చుట్టు తిరిగే వీలు లేక కొండకు బొక్క కొట్టి లోపలి నుంచి దాటింది. పడవల కోసం కొండను తొలిచిన మొదటి సొరంగం అదేనంటారు. బాన్సువాడ గట్టు మీద నిలబడి కాలువ వంపును చదవడం నేర్చుకున్నవాడికి ఫ్రాన్సులోని ఆ వంపులు పరాయివిగా కనబడవు.

ఇంకో చోట ఫ్రాన్సు కాలువ, మన కాలువ ఒకదానికొకటి తలకిందులుగా ఉన్నాయి. కెనాల్ దు మిదిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు నొరూజ్, సముద్రమట్టానికి 189 మీటర్లు. అక్కడ నీరు రెండుగా విడిపోతుంది. ఒక పాయ అట్లాంటిక్ దిక్కుకు, ఇంకో పాయ మధ్యధరా దిక్కుకు. అంటే ప్రతి పడవా అక్కడికి ఎక్కి, అక్కడి నుంచి దిగుతుంది. పడవ ఎక్కినా దిగినా ఒక తొట్టెడు నీరు కిందికి పోతుంది. ఆ నష్టం పూడ్చకపోతే శిఖరం ఎండిపోతుంది. అందుకే రికె నల్లకొండల వాగుల్ని చిన్న చిన్న కాలువలతో పట్టి తెచ్చాడు, సెయింట్ ఫెరియోల్ దగ్గర అరవై లక్షల ఘనమీటర్లకు పైగా నీరు నిలిచే మట్టికట్ట వేయించాడు. కాలువ కన్నా ముందు ఆ నీటిని ఊహించడమే ఆయన గొప్పతనం.

మన దగ్గర ఏలూరు ఉంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోంచి బయల్దేరిన ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వస్తుంది. విజయవాడ దగ్గర కృష్ణలోంచి బయల్దేరిన ఏలూరు కాలువ అటునుంచి వస్తుంది. రెండూ ఏలూరులో కలుస్తాయి. ఫ్రాన్సులో నీరు శిఖరం మీద విడిపోతే, ఇక్కడ పల్లంలో రెండు నదుల నీరు ఎదురెదురుగా వచ్చి కలుసుకుంటుంది. గోదావరి నుంచి కృష్ణకు పోయే పడవ ఏలూరు దాకా లాకులు దిగుతూ, ప్రవాహంతో పాటు పోయేది. ఏలూరు దాటాక లాకులు ఎక్కుతూ, ప్రవాహానికి ఎదురుగా పోయేది. లాకు తొట్టిలోంచి జారిన నీరు ఇక్కడ నష్టం కాదు, ఎలాగూ కింది పొలాలకు పోవలసిన నీరే. సేద్యం, ప్రయాణం ఒకదాని వాటాను ఒకటి లాక్కోకుండా నడిపిన ఈ లెక్కను నేను రికె లెక్క కంటే ఏ మాత్రం తక్కువగా చూడను.

ఈ రెండు కాలువలు కలవడంతో దారి ఎంత పొడుగైందో చూడండి. కాకినాడలో పడవ ఎక్కి ధవళేశ్వరం చేరేవారు. ఆనకట్ట ఎగువన నిలిచిన నీటి మీదుగా గోదావరిని అడ్డంగా దాటి విజ్జేశ్వరం లాకులోకి దిగేవారు. ఆనకట్ట అంటే కాలువలకు నీరెత్తే గోడ మాత్రమే కాదు, పడవలు నదిని దాటడానికి నిలువ నీరు పరిచిన కట్టడం కూడా. ఏలూరు మీదుగా విజయవాడ. మళ్లీ అదే పద్ధతిలో కృష్ణను దాటి సీతానగరం, దుగ్గిరాల. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ వెంట పెదగంజాం. పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకుంటే సముద్రపు ఒడ్డునే మద్రాసు. 1806లో మద్రాసు, ఎన్నూరుల మధ్య చిన్న ఉప్పునీటి కాలువగా మొదలై, 1876-78 కరువు నాటి పనుల్లో పెరిగి, ఆనాటి గవర్నరు పేరు పెట్టుకున్న కాలువ అది. డెల్టా బియ్యం, కట్టెలు, ఉప్పు ఆ దారినే మద్రాసు చేరాయి.

కోనసీమలో గన్నవరం దగ్గరికి వెళ్తే పనితనం మరో మెట్టు ఎక్కుతుంది. అక్కడ కాలువకు వైనతేయ గోదావరి అడ్డం వచ్చింది. అవతలి లంకలకు నీరు అందాలంటే నది మీదుగానే పోవాలి. 1852 ప్రాంతంలో హేగ్ అనే యువ ఇంజినీరు నలభై అడుగుల కమానులు 49 వరసగా నిలబెట్టి, 2,248 అడుగుల పొడవునా కాలువను నది మీద నడిపించాడు. ఫ్రాన్సులో రెప్యూద్ర్ వాగు మీద రికె 1676లో కట్టిన కాలువ వంతెనకు ఒక్కటే కమాను. చిన్న వాగుకు ఒక్కటి చాలు, గోదావరి పాయకు చాలదు. ఇప్పుడు నీటిని మోసేది పక్కన కొత్తగా కట్టిన అక్విడక్టు. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. దారిన పోయే అందరికీ అన్నం పెట్టిన తల్లి పేరు, పొలాలకు నీరు పెట్టే కట్టడానికి.

ఇక పడవలు. డెల్టా పడవ అడుగు చదునుగా ఉంటుంది, లోతు తక్కువ నీటిలోనూ తేలాలి కనుక. గాలి అనుకూలిస్తే తెరచాప, లేదంటే గెడ, అదీ చాలకపోతే తాడు. కొయ్యకు కట్టిన పొడవాటి తాడు భుజాన వేసుకుని గట్టు మీద మనుషులు ముందుకు వంగి నడిచేవారు. వెనక చుక్కాని దగ్గర సరంగు. గట్టు పైన తాడు లాగేవాళ్లకు అడ్డం రాకుండా నీటి అంచున చెట్లు పెంచేవారు కాదు. వంతెన కింద కూడా తాడు మనిషి నడవడానికి దారి వదిలేవారు. పడవ వేగమంటే మనిషి నడక వేగమే. ఫ్రాన్సు కాలువల్లోనూ మొదట్లో గుర్రాలు గట్టు మీద నడిచి లాగేవి. నేడు అక్కడ అద్దెపడవకు గంటకు ఎనిమిది కిలోమీటర్లు మించకూడదని నియమం. అలలు లేస్తే గట్టు కోసుకుపోతుంది మరి. అక్కడ లాకు పక్కన చిన్న ఇల్లు, ఇంటి గోడకు ఎగువ లాకు ఎంత దూరమో, దిగువ లాకు ఎంత దూరమో చెప్పే పలక. మధ్యాహ్నం భోజనవేళ లాకు మూసేస్తారు. పడవలోనివాళ్లు కూడా గట్టుకు కట్టేసి తినడం తప్ప చేసేదేమీ లేదు. ఆ నియమం నాకు ఎంతో నాగరికంగా అనిపిస్తుంది.

కట్టిన చేతుల గురించి చెప్పకుండా కట్టడాన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ధవళేశ్వరంలో కాటన్ పక్కన నిలబడి వేలాది కూలీలను సమకూర్చి పని నడిపించిన వీణెం వీరన్న పేరు అక్కడివాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు. మిగతా వేలమంది పేర్లు లేవు. కెనాల్ దు మిది కూడా అంతే. సెయింట్ ఫెరియోల్ కట్ట మీదికి తట్టలతో మట్టి మోసినవారిలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కొండ పల్లెల్లో తరతరాలుగా నీటిని వాలు చూసి మళ్లించే తెలివి ఆ స్త్రీల దగ్గర ఉందని, కాలువ రూపకల్పనకు అది పనికొచ్చిందని చంద్రా ముకర్జీ అనే పరిశోధకురాలు ఒక పుస్తకమే రాసింది. రికె తన కూలీలకు ఆదివారాలకు, వానరోజులకు కూడా జీతం ఇచ్చాడు. తన ఆస్తినీ కరగబెట్టాడు. కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందు, 1680లో కన్నుమూశాడు.

1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన పూర్తయ్యాక మన పడవల దారికి గిరాకీ తగ్గడం మొదలైంది. తర్వాత బస్సులు, లారీలు మిగిలింది తీసుకుపోయాయి. 1960ల తుఫాన్లు బకింగ్‌హాం కాలువను దెబ్బతీశాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ దారినంతా 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పడవలు మాత్రం ఇంకా పాత దారికి రాలేదు. ఫ్రాన్సు తన కాలువను విహారానికి అప్పగించి బతికించుకుంది, ఆ కాలువ 1996లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దానికీ కష్టాలున్నాయి. గట్టు మీద నీడకోసం నాటిన ప్లేన్ చెట్లకు 2006లో తెగులు బయటపడింది. దాన్ని ఆపడానికి వేలాది చెట్లు నరికి కాల్చక తప్పలేదు, వాటి చోట వేరే జాతులు నాటుతున్నారు.

మన లాకులను చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. కాలువ నిండుగా పారుతున్నప్పుడు వెళ్తే అందం కనిపిస్తుంది, పనితనం కనబడదు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఆ వారాల్లో ధవళేశ్వరమో, విజ్జేశ్వరమో, దుగ్గిరాలో వెళ్లి, అక్కడి లస్కరును అడిగి, లాకు గోడ అంచున నిలబడండి. నీళ్లు అడుగంటాక గోడల రాళ్ల వరసలు, వాటి మధ్య సున్నపు గీతలు, తలుపు రెక్క తిరిగేందుకు గోడలో గుండ్రంగా తొలిచిన గాడి బయటపడతాయి. అడుగున ఎగువ వైపుకు కోసుగా తిరిగిన రాతి గడప కనిపిస్తుంది. దాని అంచు ఇంకా ఎంత సూటిగా ఉందో చూడండి.